రాగితీగ చుట్టిన కడ్డీ

టంగ్... టంగ్... టంగ్...

కట్ట దగ్గర ఆ చప్పుడు వినగానే పురుషోత్తమ్‌కి ఒళ్లు మండిపోయింది.

కామసముద్రం ఊరి పక్కన వంకకి అడ్డంగా కట్టిన చెక్‌డ్యామ్ అది. సిమెంటు తడి ఇంకా ఆరనే లేదు. అప్పుడే ఎవరో ముసలాయన ఇనుప కడ్డీతో గోడ అడుగున కొడుతున్నాడు.

పురుషోత్తమ్ ఆశంతా ఆ కట్టమీదే. పద్నాలుగువందల అడుగులు దించినా బోర్లో దుమ్మే లేచింది. మల్బరీ తోట ఎండితే పట్టుపురుగులకి ఆకుండదు, తనకి బతుకుండదు. అయినా కట్టకోసం గుంటెడు నేల అడిగితే పంచాయతీలో అడ్డం తిరిగినవాడూ అతనే. చివరికి ఊళ్లో లేని ఆసామి ఎవరో తన నేల రాసిచ్చాడట. ఆయన పేరైనా పురుషోత్తమ్ అడగలేదు. తన తోట మిగిలింది, అంతే చాలనుకున్నాడు.

"ఏయ్! యా ఊరు నీది?"

"చాంపియన్ రీఫ్సప్పా. ఆడి బంగారు గనిలో పనిచేసినోణ్ణి."

"గనోడికి ఈడేం పని? కట్ట పగలగొట్టమని దిగువ ఊరోళ్లు పంపినారా?"

"లేదప్పా. రాయిని తట్టి చూస్తా ఉండా. గనిలో దిగినాక ముందు ఇదే చేసేటోళ్లం. గట్టి రాయి టంగుమంటాది, బోలు రాయి దబ్బుమంటాది. ఈడ మూడు నాలుగు తావుల అడుగున బోలు ఉండాది. సున్నంతో గుర్తు పెడతా, వాన రాకముందే తవ్వి పూడ్చండి."

"ఇంజినీరుకి తెలీంది నీకు తెలుసా?"

"ఈ నేల గుణం నాకు తెలుసప్పా."

"నీ తాత సొత్తా, తెలిసేదానికి?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక మళ్లీ కడ్డీ ఎత్తి రాయి తట్టబోయాడు.

పురుషోత్తమ్ కడ్డీ లాక్కున్నాడు.

"అది మాత్రం ఇచ్చేయప్పా. ముప్పయ్యేండ్లు నా పానం కాపాడింది."

"పోలీసోళ్లకిస్తా. ఆడికి పోయి అడుక్కో."

ముసలాయన దగ్గుకుంటూ బస్సు రోడ్డువైపు నడిచాడు. ఊరి కట్టని కాపాడానని పురుషోత్తమ్ వారమంతా మీసం మెలేశాడు.

వాన వచ్చింది. రెండు రోజులు కుండపోత. కట్ట నిండింది. భార్య మునిలక్ష్మి నీళ్లలో పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టుకుంది.

నాలుగోనాటికి బురదే మిగిలింది.

గోడ చెక్కుచెదరలేదు, నీళ్లే లేవు. "అడుగున బోలుంది. ఎక్కడని తవ్వేది?" అని ఇంజినీరు చేతులెత్తేశాడు.

పురుషోత్తమ్ పోలీసులకివ్వకుండా అటక మీద పడేసిన కడ్డీ తెచ్చి గోడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా తట్టాడు. అతని చెవికి అంతా ఒకటే చప్పుడు.

మర్నాడు చాంపియన్ రీఫ్స్‌కి పోయాడు. ముసలాయన పేరు తెలియదు. కామసముద్రం నుంచి వచ్చానని చెప్పి, కడ్డీ చూపించుకుంటూ గని కూలీల ఇళ్ల లైన్లలో ఇల్లిల్లూ తిరిగాడు. పిడికి చుట్టిన రాగితీగ చూడగానే సౌభాగ్య అనే ఆమె గబగబా బయటికొచ్చి దాన్ని అందుకుంది.

"మా నాయనది! పోయి తొమ్మిది నాళ్లాయ. ఊపిరాడకపోయినా మీ కట్ట మాటేనన్నా. నీళ్లు నిలిచినాయా?"

పురుషోత్తమ్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మా కట్టంటే ఆయనకెందుకమ్మా అంత ఇది?" అన్నాడు ఎలాగో.

"ఎందుకేందన్నా? మా తాత సొత్తుగా మిగిలిన ఆ మూడు గుంటల నేలా మీ కట్టకి ఊరికే రాసిచ్చింది నాయనే కదా!"