గదికి నలుగురు

...అయినా నలుగురంటే నలుగురే. పదడుగుల గదిలో అంతకు మించితే పీల్చే గాలి కూడా చాలదని ఎవరో పెద్దలు లెక్క కట్టే కదా రూలు రాశారు, అనుకుంటూ ఇళ్ల ఇన్‌స్పెక్టరు మూడో అంతస్తు మెట్లెక్కుతున్నాడు.

పొద్దున బస్సులో నిలబడటానికి చోటు లేదు. నిన్న ఆసుపత్రిలో రెండు గంటల క్యూ. అన్నిటికీ మూలం ఒకటేనని అతని నమ్మకం.

శిక్షణ తరగతిలో గోడ మీద రెండు గీతలు చూపించారు. డబ్బున్న దేశాల్లో పుట్టేవాళ్ల గీత కిందికి దిగుతోంది. లేని దేశాల్లో పైకెక్కుతోంది. దిగే గీత అంటే అతనికి గౌరవం. ఎక్కే గీత తన మెడ మీదికే ఎక్కుతున్నట్టుండేది.

తనకు ఒక్కడే కొడుకు. ఆ మాట ఎవరైనా అడిగితే, పరీక్ష పాసైనట్టు చెప్పేవాడు.

తలుపు తీసే ఉంది. గది నిండా పిల్లలు.

"చూసి అడుగు వెయ్యండి సార్, దుప్పటి కింద ఒకడున్నాడు" అంది లోపలి ఆవిడ. యాభై దాటి ఉంటాయి.

కింది వాటా ఆయన వెనకే వచ్చాడు. ఫిర్యాదు పెట్టింది ఆయనే.

"ఏడింటికల్లా ట్యాంకు ఖాళీ సార్. వీళ్లు స్నానాలు చేస్తారో, ఈత కొడతారో."

"ఈత కొట్టేన్ని నీళ్లొస్తే ముందు నిన్నే పిలుస్తా అన్నయ్యా" అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు కలంతో చూపిస్తూ లెక్కపెట్టాడు. తొమ్మిది వచ్చింది.

"నన్ను రెండుసార్లు లెక్కపెట్టావు" అంది నాలుగేళ్ల పిల్ల.

మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది.

"ఎవరి పిల్లలు?"

ఆవిడ దుప్పటి కిందివాణ్ణి పక్కకి జరిపింది. "నా పిల్లలే."

"అందరూనా?"

"అందరూ."

"ఈ ఇద్దరిదీ ఒకే ఈడులా ఉందే?"

"కవలలు."

"పోలికే లేదు."

"నాకూ మా ఆయనకీ మాత్రం ఏం పోలిక ఉండేది సార్."

కింది వాటా ఆయన కూడా నవ్వేశాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"ఇంతమందిని కనేముందు కాస్త ఆలోచించొద్దా అమ్మా?"

"ఆలోచిస్తూ కూర్చుంటే ఒక్కరైనా పుడతారా?"

అతను నోటీసు రాసిచ్చాడు. రేపు సాయంత్రానికి గదిలో నలుగురే ఉండాలి. లేదా ఖాళీ చెయ్యాలి.

"నన్ను కలిపా, తీసేసా?"

"కలిపే."

"అయితే ముగ్గురు." ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "ఏ ముగ్గురు సార్? మీరే చెప్పండి."

అతను కాగితం మీదే చూపు నిలిపి మడత పెట్టాడు. అవసరం లేకపోయినా ఇంకో మడత పెట్టాడు.

"నాలుగు రోజులు గడువివ్వండి. ఎవరి ఏర్పాటు వాళ్లకి చెయ్యాలి."

"రూలు లేదమ్మా."

మర్నాడు సాయంత్రం ఆ గదికి తాళం పడిందని బంట్రోతు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఫైల్లో టిక్కు పెట్టాడు. ఇలాంటి టిక్కు పెట్టినప్పుడల్లా ఛాతీలో ఏదో సర్దుకున్నట్టుండేది. ఈసారి సర్దుకోలేదు. ఎండ వల్లనుకున్నాడు.

ఇంటికొచ్చి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు.

రెండేళ్ల కొడుకు బల్ల దగ్గర ఎత్తు కుర్చీలో ఉన్నాడు. ఆయా అన్నం తినిపిస్తోంది. వాణ్ణి చూసుకోవడానికి ఆమె వచ్చి ఏడాదైంది. రాత్రిళ్లు వంటింట్లోనే పడక, ఆదివారం సెలవు. పనిలో పెట్టుకునేటప్పుడు భార్య అడిగింది ఒకే ప్రశ్న: పిల్లలున్నారా? లేరంది. "మనసు రెండు చోట్ల ఉంటే పని ఒక్కచోటా సాగదు" అని భార్య అంటే తనూ తలూపాడు.

ఆయా చీర కుచ్చిళ్ల వెనక ఎవరో కదిలారు.

"మా అక్క కూతురు సార్" అంది ఆయా, అతను అడక్కముందే. "రెండు రోజులే. మూల నుంచి కదలదు. అమ్మగారితో చెప్పకండి."

పిల్ల తల బయటికి పెట్టి అతన్ని చూసింది.

"అమ్మా, లెక్కపెట్టినాయన ఈయనే."

ఆయా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నోరు తెరిచి చూస్తున్న అతని కొడుకు విసుగ్గా బల్ల మీద కొట్టాడు.

"మిగతావాళ్లు?" అన్నాడు అతను.

"ఆరుగురిని వాళ్ల అమ్మలు తీసుకెళ్లారు. అందరం ఇలా ఇళ్లల్లో చేసేవాళ్లమే. పిల్లలున్నారంటే పని ఇవ్వరు. ఒకడి తల్లి సముద్రం అవతల ఎవరో ముసలాయన్ని చూసుకుంటోంది. ఆ ఇంట్లో పిల్లలే లేరట. వాణ్ణి ఆ గదిలో ఉండే మా అక్కే తన వెంట తీసుకుపోయింది."

"ఎక్కడికి?"

"చెప్పలేదు. చోటు దొరికితే కబురు పెడతానంది."

ఈ వేళకి ఊళ్లో ఆరు వంటిళ్లలో ఆరు కుచ్చిళ్ల వెనక... అతను లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. ఇంకో ప్రశ్న మిగిలింది. జవాబు తెలిసిపోయినా అడిగాడు.

"మీ అక్కకి పిల్లలెంతమంది?"

"ఒక్కరూ లేరు సార్. పుట్టలేదు."

ముందు గదిలోంచి భార్య గొంతు దగ్గరవుతోంది. "వంటింట్లో ఎవరో ఉన్నట్టున్నారు, ఎవరి పిల్లండీ?"

ఆయా పిల్లని వెనక్కి నెట్టింది.

"మన పిల్లే" అని, ఇన్‌స్పెక్టరు అరలోంచి ఇంకో కంచం తీసి కొడుకు కంచం పక్కన పెట్టాడు.