తరవాణి చెంబు

"ఏటే ఆ సెంబు?"

మొగుడు సింహాచలం గొంతు విని పెరటి గోడ దగ్గర మరిడమ్మ గతుక్కుమంది. అవతల దాలమ్మ తల చటుక్కున కిందికి దిగిపోయింది. దాలమ్మ అంటే జగన్నాధం పెళ్ళాం. జగన్నాధం అంటే సింహాచలానికి తోడబుట్టిన అన్న. చేను గట్టు జరిపి తమ్ముడి నేల కలిపేసుకున్న అన్న. ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టనని తల్లి శవం మీద ఒట్టేశాడు సింహాచలం.

చెంబులోకి తొంగి చూశాడు. తరవాణి. పులిసిన గంజినీళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఆడికి పోస్తన్నావా? మాయమ్మ కుండలోది?"

మరిడమ్మ తల దించుకుంది.

సింహాచలానికి ఒళ్ళు భగ్గుమంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా అతన్ని పీల్చి పిప్పి చేసింది. పగలు నిద్ర వచ్చేది కాదు, తిన్నది ఒంటబట్టేది కాదు, పడిశం పడితే వదిలేది కాదు. శ్రీకాకుళంలో డాక్టరమ్మ చెప్పింది: "కడుపులో కంటికి కనపడని మంచి క్రిములుంటాయి. వాటికీ పగలూ రాత్రీ తెలుసు. అవి గాడి తప్పితే నిద్ర, అరుగుదల, రోగాన్ని తట్టుకునే బలం అన్నీ తప్పుతాయి. వేళకు తిను. మీ ఇళ్ళల్లో తరవాణి పులియబెడతారుగా, రోజూ పొద్దున్నే తాగు."

తాగాడు, తేరుకున్నాడు. అడుగున కాస్త ఉంచి, రోజూ గంజి కలుపుతూ తల్లి ఏనాడూ ఖాళీ చెయ్యని కుండ అది. అంతకు ముందు వేసవిలో తను సారా తాగొచ్చి దాన్ని తన్ని పగలగొడితే, మిగిలినదాన్ని కొత్త కుండలోకి ఎత్తానంది మరిడమ్మ. ఆ ఒక్క పనికే పెళ్ళాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పెళ్ళామే ఇప్పుడిలా గొంతు కోసింది.

"ఎన్నాళ్ళ నుంచే ఈ దొంగ యవ్వారం?"

"నీకు నిద్ర పడతన్న కాడ్నుంచి, మావా."

"నా కూడు తిని ఆడి కడుపు సల్లగుండాలని సూస్తన్నావా? మాయమ్మ కుండలో పురుగులు నావే! సచ్చినా ఆడికి సుక్క పోనివ్వను!"

చెంబు లాక్కున్నాడు. గోడ అవతలి అన్నకి వినపడేలా గటగటా తాగేశాడు. మీసం తుడుచుకుని అరిచాడు.

"ఇన్నావా? ఇంక నీకు మాయింటి సుక్క రాదు!"

 గోడ మీదుగా జగన్నాధం చెయ్యి చాచాడు.

"తాగీసినావు గదా, కాళీ సెంబు ఇలాగియ్యి. రేపు మళ్ళీ నీకు పొయ్యాల. నువ్వు కుండ తన్నీసిన్నాడు అందులో సుక్క మిగల్లేదురా తమ్ముడా, ఆ రోజు నుంచి నీ కడుపులో ఉన్నాదంతా మాయింటి తరవాణే!"