నిగారింపు దీపాలు

ఆ రోజుల్లో విశాఖ హోటళ్లలో మామూలు దీపమే ఉండేది కాదు. ఎలాంటి ముఖానికైనా నిగారింపు తెచ్చే దీపాలే అన్నీ. వాటిని బిగించడమే నూకరత్నం పని. కూడు పెట్టే పనే అయినా, అదంటే ఆమెకు ఒళ్లుమంట.

ఒక మధ్యాహ్నం భోజనాల హాల్లో ఆమె నిచ్చెనెక్కి దీపం మారుస్తోంది. కింద బల్ల దగ్గర ఒక తల్లి తినమని పిల్లను బతిమాలుతోంది. నూకరత్నం తమవైపు చూడగానే గోడు చెప్పుకుంది.

"రెండ్రోజులై గదిలోనే పడుకుంటందమ్మా, మెతుకు ముట్టదు. చూత్తే బంగారు బొమ్మలా ఉంది!"

నూకరత్నం దిగి, సంచిలోంచి పాత తెల్ల టార్చి తీసి పిల్ల ముఖాన వేసింది. కళ్లు పచ్చగా ఉన్నాయి.

"కామెర్లమ్మా! ఆస్పత్రికి పద."

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఆర్పెయ్! అందరి అసలు మొహాలూ కనిపించేత్తన్నాయి!"

"కనిపించనీ, ఎవులూ సచ్చిపోరు."

టార్చి ఆర్పకుండానే ఆమె తల్లీపిల్లలను గుమ్మందాకా నడిపించింది. దారిపొడవునా అతిథులు మెనూ కార్డులు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. పిల్లకేమైందని ఒక్కరూ అడగలేదు.