పక్క సీటు

“దీంట్లోంచి బయటపడాలంటే ఎలాగరా?” అంది సోనున్, బండి ఇంకా కొనకముందే.

“ముందు ఎక్కనీ అపా, దిగే సంగతి తర్వాత,” అన్నాడు ఆమె కొడుకు తిలెక్.

నారిన్ ఊరి బయట ఆదివారం బండ్ల సంత. ఎదురుగా మూడు పాత నీవాలు. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండ్లు. గొర్రెలు నడిచే దారి ఉంటే చాలు, ఎక్కేస్తాయని వేటగాళ్ళంతా వాటికోసమే వస్తారు.

“ఆ తెల్లది బాగుంది కదా?”

“పైన రంగే అపా. కింద వంగి చూడు, అంతా తుప్పు. ఎర్రదానికి హీటర్ లేదు. తోడేళ్ళ కోసం పోయి మేమే కట్టెల్లా బిగుసుకుపోతాం.”

మిగిలింది ఆకుపచ్చది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక రెండు తుపాకులకీ కుక్కకీ చోటుంది. తిలెక్ దాన్ని మట్టిగుట్ట ఎక్కించి దింపాడు. ముఖం వెలిగిపోతోంది.

“రెండే తలుపులు,” అంది సోనున్. “రెండూ బిగుసుకుంటే?”

“కొనేరోజు అవేం మాటలక్కా!” అన్నాడు బండి అమ్మే కుబాన్. “దీవెన పలికే నోటితో చెడు పలుకుతావా? బండికి తగుల్తుంది.”

సోనున్ నోరు మూసుకుంది. నిజమే, కొనే రోజున అలాంటి మాట ఎవరూ అనరు.

అప్పుడు చూసింది. ఆకుపచ్చ బండి పక్క సీట్లో ఎవరో ముసలాయన. తలమీద తెల్ల ఉన్ని కల్పక్ టోపీ. తలుపు తీస్తున్నాడు, వేస్తున్నాడు. తీస్తున్నాడు, వేస్తున్నాడు.

“ఎవరాయన?”

“తుర్దాలి. ప్రతి ఆదివారం ఇదే వరస. కొనడు, బేరమాడడు. వచ్చిన నీవాలన్నిట్లోనూ ఎక్కి కూర్చుంటాడు. అదీ స్టీరింగ్ దగ్గర కాదు, పక్క సీట్లో.” కుబాన్ నవ్వాడు. “డ్రైవరొస్తాడని చూస్తున్నాడేమో!”

ముసలాయన తిలెక్‌ని అడిగాడు: “సరస్సు మంచు మీద పోతావా నాయనా?”

“సరస్సు దాటకపోతే తోడేళ్ళే మనింటికి వస్తాయా తాతా?”

ఆయన ఏదో చెప్పబోయాడు.

కుబాన్ గట్టిగా దగ్గాడు.

ఆయన పెదాలు మూతపడ్డాయి. చెయ్యి మాత్రం మెల్లగా సీటు కిందికి పోయింది.

సోనున్ వేలు చూపించి అరిచింది.

“దొంగ! సీటు కింద ఏదో తీస్తున్నాడు! పట్టుకోండి!”

నలుగురు చేరి బయటికి లాగారు. టోపీ బురదలో పడింది. ఎవరో దాన్ని తొక్కారు. జేబులు వెతికితే ఒక ఎండు పెరుగు ఉండ, చిన్న తోలుతాడు ముక్క దొరికాయి. అంతే.

“మళ్ళీ గేటు లోపల కనబడ్డావంటే కాళ్ళు విరగ్గొడతా,” అన్నాడు కుబాన్.

ముసలాయన టోపీ తీసుకున్నాడు, పెట్టుకోలేదు. పోతూ పోతూ ఒక్కసారి ఆగి ఆకుపచ్చ బండికేసి చూశాడు.

‘ఏం పాడు చూపు!’ అనుకుంది సోనున్.

అందరూ అరచేతులు చాచి దీవెన పలికి, ముఖాలు తడుముకున్నారు. బండి ఇంటికొచ్చింది.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు తెల్లవారుతూనే తిలెక్, అతని స్నేహితుడు ఎసెన్ వేటకు వెళ్ళారు. సోనున్ కిటికీ దగ్గరే కూర్చుంది. పోసుకున్న టీ మూడుసార్లు చల్లారిపోయింది.

సాయంత్రం ఇద్దరూ ఎవరో కాపరి గుర్రాల మీద వచ్చారు. బట్టలు రేకుల్లా గడ్డకట్టి ఉన్నాయి. బండి లేదు. కుక్క లేదు.

తిలెక్ చేతిలో ఒక సుత్తి ఉంది. ఎవరు తీసుకోబోయినా వేళ్ళు వదలడం లేదు.

“సరస్సులో ఊట ఉన్న చోట పలచటి మంచు విరిగింది అపా. తలుపులు కదల్లేదు. నీళ్ళు మెడదాకా వచ్చాయి. అద్దం పగలగొడదామని ఎసెన్ తన సీటు కింద ఏదైనా దొరుకుతుందేమోనని తడిమాడు... ఇది తగిలింది. తోలుతాడుతో కట్టి ఉంది.”

తోలుతాడు.

సోనున్ తాడు ముడిని వేళ్ళతో తడిమి చూసింది.

ఆదివారం కొత్త కల్పక్ ఒకటి కొని సంతకు పరిగెత్తింది.

“ఎక్కడ కుబాన్, ఆ పెద్దాయన?”

“నువ్వు అరిచిన రోజు నుంచి రానివ్వడం లేదక్కా. కొన్నాళ్ళు రోడ్డవతల నిలబడ్డాడు.”

“తర్వాత ఎన్ని నీవాలు అమ్ముడుపోయాయి?”

“తొమ్మిదో ఏమో. ఏం?”

“ఎవరు కొన్నారు? ఏ ఊళ్ళకి పోయాయి?”

“ఎవరికి గుర్తుంటుందక్కా!”

తుర్దాలి ఇల్లు ఊరికి ఆ చివర. తలుపు తీసి, ఆమెను గుర్తుపట్టి కూడా లోపలికి రమ్మన్నాడు. రొట్టె విరిచి ముందు పెట్టాడు.

కిటికీ గట్టు మీద సుత్తులు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ తోలుతాడు. సోనున్ కళ్ళతోనే లెక్కపెట్టింది. తొమ్మిది.

కొత్త టోపీని రెండు చేతులతో ఆయన ముందుంచింది.

“మా వాడు బతికాడన్నా. వచ్చే ఆదివారం రా. గేటు దగ్గర నేనుంటాను, ఎవరాపుతారో చూస్తా.”

ఆయన టోపీ ముట్టుకోలేదు.

“ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదన్నా?”

“కొనే రోజున ఎలా చెప్పను చెల్లెమ్మా?”

సోనున్ తల దించుకుంది. అలాగే మళ్ళీ అడిగింది.

“ఎప్పుడూ ఆ పక్క సీట్లోనే ఎందుకు కూర్చుంటావన్నా?”

పొయ్యిలో నిప్పు మెల్లగా బూడిదైంది. బయట ఏదో బండి మంచు నలుపుకుంటూ సరస్సు వైపు పోయింది. ఆ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆయన కిటికీ కేసే చూస్తూ ఉండిపోయాడు.

“మంచు విరిగినప్పుడు మా అబ్బాయి పక్క సీట్లో ఉన్నాడు చెల్లెమ్మా,” అన్నాడు చివరికి, “తెరుచుకున్నది నా వైపు తలుపు.”