నుదుటి రూపాయి

అత్తను మట్టి చేసిన రోజు ఇంట్లో వెండి రూపాయి లేక, నుదుట స్టీలు బిళ్ళ అంటించారు. అది ఆమెకు చెల్లిందా అని నర్సింహమ్మకు ఏళ్లుగా అనుమానం.

ఆ రాత్రి చిట్కుల్ ఊళ్లోని తన గదిలో, పాత నాణేలు అమ్ముకునే ఇజాజ్ లోహాన్ని పసిగట్టే మెషీన్‌తో వెతికి తవ్వుకొచ్చిన వెండి రూపాయలను ఆమె కుంకుడు రసంతో కడుగుతోంది. ఒకదాని మీది కుంకుమ ఎంతకీ పోవడం లేదు.

"గట్టిగ రుద్దకమ్మా, గీతలు పడితే సేట్ ధర కట్టడు."

"యాడ దొరికింది బిడ్డా?"

"బొందలగడ్డ గోడ పక్కన, సమాధుల కాడ. భయమా? జల్దీ కడుగు," అని నవ్వి వెళ్ళిపోయాడు ఇజాజ్.

కరెంటు పోయింది. గుమ్మంలో అత్త గొంతు.

"ఇనుప బిళ్ళ వెట్టి పంపుతవానే? నా నుదురు సూడు, ఉత్తదే ఉన్నది."

నర్సింహమ్మ కుంకుమ పోని ఆ రూపాయిని చీకట్లోకి ఎత్తి, నుదురు ఉండాల్సిన చోట అదిమింది. చల్లగా, తడిగా ఏదో తగిలింది. రూపాయిని వదిలేసింది.

అది కింద పడిన చప్పుడు కాలేదు.