చీటీలో వచ్చిన మాట

నీ నోరు అవునంటుందో కాదంటుందో చీటీ చెప్పాలా?

యూనివర్సిటీ డిబేట్ సంఘంలో ప్రతి శనివారం తంతు అదే. చీటీ తీస్తారు, వచ్చిన పక్షాన అరుస్తారు. అవునంటే అవునే అయి ఉండమంది బైబిలు వాక్యం. వీళ్లవి అద్దె నోళ్లు.

మొన్నటి అంశం: మతం మారినవాళ్లను ఊరి శ్మశానంలో పూడ్చనివ్వాలా? అక్కడ చదివే మా ఊరి పిల్ల పూనంకి ‘వద్దు’ చీటీ వచ్చింది. దంచి మాట్లాడి కప్పు గెలిచింది.

"నమ్మే అన్నవా బిడ్డా?" అని అడిగిన.

"నమ్ముడేంది పాస్టరయ్యగారూ, అది పోటీ."

నిన్న బీజాపూర్ దగ్గర మా ఊళ్లో వాళ్ల నాన్న జోగ, మతం మారి మా ప్రార్థనకొచ్చే మనిషి, ప్రభువులో నిద్రించాడు. శ్మశానంలో గుంత తవ్వబోతే ఊరోళ్లు అడ్డంపడి, ఫోన్‌లో పూనం వీడియో పెట్టారు. "మీ పిల్లే వద్దంది కదా."

పూనం, శవం ఆగదు. కప్పు అక్కడే పడేసి ఇయ్యాల్నే బీజాపూర్ బస్సెక్కు. చీటీ తియ్యకుండా మాట్లాడు.