లాలిపాటకు శ్రుతి

“పాట కింద శ్రుతికి బ్యాగ్‌పైప్ పెట్టక తప్పదు ఇజబెల్. నీ గొంతులో బీటలు వినపడుతున్నాయి,” అన్నాడు రికార్డు కంపెనీ డన్‌కన్.

“ఈ వయసు గొంతులో బీటలు కాక పూలు పూస్తాయా?” ఇజబెల్ స్టూలు మీద కూలబడింది. స్కాట్లండ్ జానపదాలు పాడుకుంటూ అమెరికా అంతా తిరిగి అలిసిపోయిన మనిషి. ఇది ఆమె ఆఖరి ఎల్పీ రికార్డు. అందులో ఆఖరి పాట, వాళ్లమ్మ పాడిన లాలి. “ఉయ్యాల దగ్గరికి బ్యాగ్‌పైప్ ఎవడైనా తెస్తాడటయ్యా? మా ఇంట్లో లాలి ఒట్టి గొంతుతోనే పాడతాం. నచ్చకపోతే పాటే తీసెయ్.”

“తీసేస్తా. బ్యాగ్‌పైప్ ఊదే పైపర్ దొరక్కపోతే అదే పని,” అంటూ డన్‌కన్ ఫోన్ చేయడానికి పైకి వెళ్లాడు. తలుపు ధడాలున మూసుకుంది.

పిస్కాటవే ఊళ్లో ఆ స్టూడియో అంటే ఒక ఇంటి బేస్‌మెంటు. మైకూ, టేప్ మెషీనూ ఒకే గదిలో. మెషీన్ దగ్గర రామమోహన్, కళ్లు చింతనిప్పులు. భార్య జయంతికి హాస్పిటల్లో నైట్ డ్యూటీ. రాత్రంతా పాపని ఎత్తుకు తిరగడం, పగలంతా టేపులు తిప్పడం అతని వంతు. ఇవాళ బేబీసిట్టర్ రాలేదు, పాపనీ వెంట తెచ్చాడు. తలుపు చప్పుడుకి పాప లేచి గుక్కపట్టింది.

“సారీ మేడమ్. నిద్రకి ఏడుస్తోంది.”

“ఇలా ఇవ్వు బాబూ. మెషీన్ ఆన్ చేసి నువ్వూ కాస్త కూర్చో. ఇంకొక్కసారి పాడతా.”

అతను బటన్ నొక్కి, మైకు పక్కనే గోడకి జారగిలబడ్డాడు. ఇజబెల్ పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పింది. ఏడుపు సర్దుకున్నాక గొంతెత్తింది. ఈసారి కంపెనీ కోసం కాదు, పాప కోసం పాడింది. బీటలు ఎక్కడికీ పోలేదు. పాటకి అవే అందమయ్యాయి.

పైపర్ దొరకలేదని విసుక్కుంటూ డన్‌కన్ వచ్చేసరికి పాట అయిపోయింది. టేపు వెనక్కి తిప్పి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. కాసేపటికి అతని మొహం వెలిగింది.

“పైపర్‌ని ఎక్కణ్ణుంచి తెచ్చావ్? పాట కింద సన్నగా, ఆగకుండా ఆ శ్రుతి! నేనడిగింది ఇదే!”

ఇజబెల్ నవ్వు బిగబట్టి రామమోహన్ వైపు చెయ్యి చూపించింది. “ఇతనే. రికార్డు అట్ట మీద పేరు వెయ్యి. మరి పాట ఉంటుందా?”

“ఉండకేం!”

కళ్లు నులుముకుంటున్న రామమోహన్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు.

కొన్నాళ్లకి ఎల్పీ ఇంటికొచ్చింది. జయంతి అట్ట వెనక చదివింది. “బ్యాగ్‌పైప్: రామమోహన్! ఎప్పుడు నేర్చుకున్నారండీ?”

“నాకూ తెలీదు. వద్దన్నా వేశారు.”

జయంతి ఆఖరి పాట మీద ముల్లు పెట్టింది. చెవి ఒగ్గి కాసేపు విన్నది. పకపకా నవ్వింది.

“బ్యాగ్‌పైపా నా మొహమా! పెళ్లైనప్పట్నుంచీ నేను వింటున్న మీ గురకండీ ఇది!”